మేడ మీదికి అందని వైఫై: సింగ్‌నగర్‌లో ఒక మగ్గం వర్క్ ఇంటి ఫోన్ ఖర్చుల కేసు

నేను విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి కొట్టు ఉండదు. ఇంట్లోనే పచ్చళ్ళు పెడతారు, బట్టలు కుడతారు, చీరలు అమ్ముతారు, ట్యూషన్లు చెబుతారు. వాళ్ళ పుస్తకాల్లో గుడ్డ ఖర్చు ఉంటుంది, దారాల ఖర్చు ఉంటుంది, కొరియర్ ఖర్చు కూడా ఉంటుంది. ఫోను, ఇంటర్నెట్ ఖర్చు మాత్రం కనిపించదు. అది పాలు, కూరగాయలతో పాటు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. ఇందులోని క్లయింటు అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆవిడది విజయవాడలోనే సింగ్‌నగర్. మగ్గం వర్క్ బ్లౌజులు చేయిస్తుంది. కింద ఇల్లు, మేడ మీద రేకుల గదిలో రెండు మగ్గం ఫ్రేములు, ఇద్దరు వర్కర్లు. భర్త ఆటోనగర్‌లో పనిచేస్తాడు. కూతురు ఇంజినీరింగ్ చదువుతోంది. అత్తగారు వాళ్ళతోనే ఉంటారు. నెలకి 45 బ్లౌజుల దాకా బయటికి వెళ్తాయి. కొందరు వీధి చుట్టుపక్కల వాళ్ళు, మిగతావాళ్ళు హైదరాబాద్, బెంగళూరు, ఇంకా దూరం. దూరం వాళ్ళతో పని మొత్తం ఫోనులోనే. గుడ్డ కొరియర్‌లో వస్తుంది, డిజైన్ ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. పూసల రంగు చూపించడానికి ఒకసారి, చేతుల మీద వర్క్ సగం అయ్యాక ఒకసారి, పంపే ముందు ఒకసారి వీడియో కాల్.

2024 జూలైలో రిటర్ను పని మీద వచ్చినప్పుడు ఆవిడ అడిగింది: "అన్నయ్య గారూ, రీచార్జ్ రేట్లు మళ్ళీ పెంచారు. ఏదైనా చవక ప్లాన్ ఉంటే చెప్పండి." ఆ నెల మొదటి వారంలోనే ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. 239 ఉన్న ప్యాకు 299 అయింది. పెంపు సంగతి జూన్ ఆఖరులోనే ప్రకటించారు. తెలిసినవాళ్ళు ఆ నాలుగైదు రోజుల్లో పాత రేటుకే ఏడాది ప్యాకులు వేయించుకున్నారు. ఈవిడకి తెలియలేదు.

ప్లాన్ సంగతి పక్కన పెట్టి నేను ఒకటే అడిగాను. "నెలకి ఎంత అవుతోందమ్మా?"

"వెయ్యి, మహా అయితే పన్నెండొందలు," అంది.

ఇలాంటి చోట నోటి లెక్క నమ్మను. ఫోనులో యూపీఐ యాప్ తీయించి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా రీచార్జ్ అని ఉన్న ప్రతి లైనూ ఇద్దరం కలిసి కాగితం మీద రాశాం. గంటంపావు పట్టింది. భర్త ఫోనులో ఉన్నవి సాయంత్రం రాసి పంపమన్నాను.

కొత్త రేట్లతో ఏడాదికి వేసిన లెక్క ఇది. ఆవిడ నంబరు 299 ప్యాకు. నెల ప్యాకు అంటాం గానీ అది 28 రోజులే, కాబట్టి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, 13 సార్లు. అంటే 3,887. విజిటింగ్ కార్డుల మీద ఉన్న పాత నంబరు, వేరే కంపెనీ సిమ్, 199 చొప్పున 2,587. భర్తది 3,887. కూతురిది 349 చొప్పున 4,537. అత్తగారిది 199 చొప్పున 2,587. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ పన్నుతో కలిపి నెలకి 589, ఏడాదికి 7,068. గూగుల్ స్టోరేజీ నెలకి 130, ఏడాదికి 1,560.

ఇక్కడిదాకా ఊహించినవే. ఊహించనిది డేటా బూస్టర్లు. రోజు డేటా అయిపోగానే వేసే చిన్న రీచార్జ్. మూడు నెలల్లో 46 సార్లు వేసింది. అప్పుడు ఒక్కొక్కటి 25 రూపాయలు, జూలై పెంపు తర్వాత 29. ఇదే లెక్కన ఏడాదికి 184 సార్లు, 5,336 రూపాయలు. పాతికే కదా అని వేసిన ప్రతిసారీ అది మనసులో నిలవలేదు.

మొత్తం 31,449. నెలకి 2,600 పైమాటే. ఆవిడ చెప్పినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇక ఇందులో వ్యాపారానిది ఎంత? ఒక వారం పాటు నోటు పుస్తకంలో కాల్స్ రాయమన్నాను: బ్లౌజు పని అయితే 'బ', ఇంటి కాల్ అయితే 'ఇ'. ఆవిడ సొంత నంబరులో పదింట ఏడు వ్యాపారానివే. కార్డు మీది నంబరు పూర్తిగా వ్యాపారానిది. స్టోరేజీ కూడా అంతే. డిజైన్ ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్పే దాన్ని నింపుతున్నాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ లెక్కలోకి వచ్చేది కాదు. 2024 నుంచి వస్తోంది. చాలామంది చిన్న వ్యాపారులకి ఈ 130 రూపాయల ఖర్చు అలా మొదలైందే. ఫైబర్‌ని సగం సగం అనుకున్నాం. బూస్టర్లు మొత్తం వ్యాపారానివి. ఎందుకో కింద చెబుతాను. అన్నీ కలిపితే వ్యాపారం వాటా 15,738. ఏడాదికి 540 బ్లౌజులు అనుకుంటే బ్లౌజుకి 29 రూపాయలు.

ఐదు వేల వర్క్ బ్లౌజు మీద 29 రూపాయలు పెద్ద లెక్క కాదు. కానీ ఆవిడ సాదా బ్లౌజులు కూడా కుట్టిస్తుంది. వాటి మీద మిగిలేది 120 దాకా. అందులోంచి 29 పోతే నాలుగో వంతు పోయినట్టే. అలాగని సాదా బ్లౌజు కస్టమరు వీడియో కాల్ చేయదు, గుమ్మంలోకి వచ్చి కొలతలిచ్చి పోతుంది. ఫోను ఖర్చు తెస్తున్నది దూరం ఆర్డర్లు. కాబట్టి ఆ ఖర్చు వాటి మీదే పడాలని చెప్పాను. కొరియర్ చార్జీతో కలిపి 50 రూపాయలు ఎక్కువ తీసుకోవడం ఆగస్టులో మొదలుపెట్టింది. ఒక్కరూ అడగలేదని తర్వాత చెప్పింది.

బూస్టర్ల సంగతి తెలుసుకోవడానికి నేనే సింగ్‌నగర్ వెళ్ళాను. కాగితం మీద చూసి తేల్చలేని సంగతి అది. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది, ఎంత వాడినా సరిపోయే డేటా ఉంది. మరి బూస్టర్లు ఎందుకు? మెట్లెక్కి రేకుల గదిలోకి వెళ్ళగానే అర్థమైంది. రౌటర్ కింద ముందు గదిలో టీవీ పక్కన, నేలకి రెండడుగుల ఎత్తున ఉంది. మధ్యలో కాంక్రీటు స్లాబు, పైన రేకులు. మగ్గం దగ్గర నా ఫోనులో వైఫై గుర్తు కూడా రాలేదు. వీడియో కాల్స్ జరిగేది ఆ గదిలోనే, వర్కు చూపించాలి కాబట్టి. డిజైన్ ఫొటోని పెద్దది చేసి చూసుకుంటూ వర్కర్లు పని చేసేది కూడా అక్కడే. వాళ్ళకి ఆవిడ ఫోను నుంచి హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోతోంది.

వర్కర్లు పాటల వీడియోలు పెట్టుకోవడం చూసి, ముందు అది ఆపమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "వంచిన మెడ ఎత్తకుండా ఎనిమిది గంటలు కూర్చుంటారు అన్నయ్య గారూ. పాట లేకపోతే మధ్యాహ్నం చెయ్యి సాగదు," అంది. ఆ మాట సరైనది. పని చేసేవాళ్ళ పాట తీసేసి పొదుపు అనడం పద్ధతి కాదు. తప్పు పాటది కాదు, రౌటర్ ఉన్న చోటుది.

కింది రౌటర్ నుంచి కిటికీ మీదుగా పైకి ఒక లాన్ కేబుల్ లాగించి, పైన ఇంకో చిన్న రౌటర్ పెట్టించాం. కేబుల్, రౌటర్, మనిషి కూలి అన్నీ కలిపి 2,050. వైఫైతోనే సిగ్నల్ పెంచే చిన్న పెట్టెలు కూడా అమ్ముతారు. స్లాబు దాటాల్సిన చోట నాకు వాటి మీద నమ్మకం లేదు, వైరే మేలు. ఆగస్టు నెలంతా కలిపి ఆవిడ మూడు బూస్టర్లు వేసింది.

సెప్టెంబర్ 1

ఇక నా తప్పు చెప్పాలి. జూలైలోనే నేను ఇచ్చిన సలహాల్లో ఒకటి: కార్డు మీది నంబరు తీసేయండి, ఏడాదికి 2,587 మిగులుతుంది, కస్టమర్లకి మీ సొంత నంబరు మెసేజ్ పెట్టండి. ఆవిడకి మనసొప్పలేదు. "దసరా ఆర్డర్లు అయ్యాక చూద్దాం," అంది. నేను రెండుసార్లు గుర్తు చేశాను కూడా.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు సింగ్‌నగర్‌లోకి వచ్చాయి. ఆ రోజుల గురించి విజయవాడ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కింద ఇంట్లోకి నడుముల లోతు నీళ్ళు. కరెంటు లేదు. ఫైబర్ లేదు. అత్తగారితో సహా అందరూ మేడ మీది రేకుల గదిలో, మగ్గాల మధ్య. ఆవిడ సొంత నంబరులో సిగ్నల్ పూర్తిగా పోయింది. తీసేయమని నేను చెప్పిన ఆ రెండో సిమ్‌లో మాత్రం, పిట్టగోడ దగ్గర నిలబడితే అప్పుడప్పుడు ఒక గీత వచ్చేది. అన్నవరంలో ఉన్న తమ్ముడికి కబురు వెళ్ళింది దానిలోనే. పవర్ బ్యాంకులో చార్జింగ్ ఉన్నంతసేపూ రోజుకి రెండుసార్లు ఆన్ చేసి వాడారు.

రెండో రోజు ఆవిడ కస్టమర్లకి ఒక మెసేజ్ పెట్టింది. ఒక్కొక్కరికీ వెళ్ళడానికి గంటలు పట్టింది. "మీ బ్లౌజులు పైన ఉన్నాయండీ. తడవలేదు. ఆలస్యం అవుతుంది, క్షమించండి." అప్పుడు చేతిలో 38 బ్లౌజులున్నాయి. ఇంట్లో ఫ్రిజ్, పరుపులు, బీరువా కింది అర బట్టలు పోయిన రోజున ఆవిడ పంపిన మాట అది. ఆ 38 మందిలో ఒక్కరు కూడా గుడ్డ వెనక్కి అడగలేదు.

ఆ సిమ్‌ని నేను ఖర్చుగా మాత్రమే చూశాను. వేరే టవరు, వేరే దారి అన్న కోణంలో చూడలేదు. ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది అని కాదు. ఇంకో వీధిలో అది తిరగబడి ఉండొచ్చు. వ్యాపారం ఫోను మీద నడిచే ఇంట్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలని ఇప్పుడు ప్రతి క్లయింటుకీ చెబుతున్నాను. ఒకే కంపెనీవి మూడు సిమ్‌లు ఉన్నా ఈ అవసరానికి ఒకటి కిందే లెక్క.

నీళ్ళు తీశాక ఇంకో చిక్కు వచ్చింది. కింది రౌటర్, ఫైబర్ బాక్సు రెండూ మునిగాయి. బాక్సు ఆపరేటరుదే, మీ దగ్గర పాడైంది కాబట్టి డబ్బు కట్టాలి అన్నారు. కనెక్షన్ తీసుకున్న రోజు కట్టిన డబ్బు డిపాజిట్టా, బాక్సు ఖరీదా అన్నదానికి ఆవిడ దగ్గర కాగితం ముక్క కూడా లేదు. చివరికి సగం కట్టి తెచ్చుకుంది. నెట్ లేని రోజులకి గడువు పొడిగించమని అడిగితే పన్నెండు రోజులు కలిపారు. అడగకపోతే అదీ ఉండేది కాదు. ఈసారి బాక్సు ఎవరిది, ఎంత తీసుకున్నారు, తిరిగి ఇస్తే ఎంత ఇస్తారు అన్నది ఒక చీటీ మీద రాయించుకోమన్నాను. రెండు పెట్టెలూ ఇప్పుడు మేడ మీద, గోడకి ఐదడుగుల ఎత్తున ఉన్నాయి. కేబుల్ అదే, దిశ మారింది. ఇప్పుడు పైనుంచి కిందికి.

నంబర్ల పని విడదీయడం

దసరా అయ్యాక మళ్ళీ కూర్చున్నాం. తీసేయమన్న నంబరునే ఈసారి వ్యాపారానికి అసలు నంబరు చేశాం. వాట్సాప్ బిజినెస్ ఆ నంబరు మీద, మామూలు వాట్సాప్ సొంత నంబరు మీద, రెండూ ఒకే ఫోనులో. వైఫై పైకి వచ్చింది కాబట్టి ఆ సిమ్‌లో డేటా పెద్దగా అక్కర్లేదు. 365 రోజులకి 1,999, మొత్తం 24 జీబీ ఇచ్చే అప్పటి ప్యాకు సరిపోయింది. పాత కస్టమర్లు మారడానికి మూడు నెలలు పట్టింది. కొందరు ఇంకా ఆవిడ సొంత నంబరుకే చేస్తున్నారు, చేయనీ అన్నాం.

దీని వల్ల పదింట ఏడు, సగం సగం అన్న లెక్కలు చాలావరకు పోయాయి. ఆ నంబరు మీద పెట్టే ప్రతి రూపాయీ వ్యాపారానిదే. రాత్రి తొమ్మిదింటికి ఆ సిమ్ ఆపేసి భోజనం చేయగలుగుతున్నానని ఆవిడ చెప్పింది. ఇది నా లెక్కలో లేని లాభం.

ఏ నంబరైనా ఆపేద్దామనుకునే వాళ్ళకి ఒక జాగ్రత్త. ముందు అది ఎక్కడెక్కడ తగిలించి ఉందో రాసుకోండి: బ్యాంకు, ఆధార్, యూపీఐ, గ్యాస్. రీచార్జ్ లేకుండా, వాడకుండా 90 రోజులు దాటితే కంపెనీ ఆ నంబరు ఆపేసి, తర్వాత ఇంకెవరికో ఇవ్వొచ్చు. మీ ఓటీపీ వాళ్ళ ఫోనుకి వెళ్తుంది. కంపెనీ నచ్చకపోతే నంబరు పోగొట్టుకోకుండా పోర్ట్ చేసుకోవచ్చు. ఆ సౌకర్యం దేశమంతటా 2011 జనవరి నుంచి ఉంది. 1900కి PORT మెసేజ్‌తో మొదలవుతుంది.

అత్తగారి ఫోనుకి డేటా అక్కర్లేదు, మాట్లాడటం చాలు. అప్పట్లో అలాంటి ప్యాకు సరిగ్గా దొరకలేదు. 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని నిబంధన తెచ్చింది. జనవరిలో అవి వచ్చాయి. 84 రోజులకి 469 ప్యాకు వేయించాం, ఆ రేటుతో ఏడాదికి 2,038 పడింది. పెద్దవాళ్ళున్న ఇళ్ళు ఇది తప్పక చూడాలి. రీచార్జ్ యాప్‌లు దీన్ని ముందు వరసలో చూపించవు, కిందికి జరిపి వెతకాలి.

సొంత నంబరుకి అప్పట్లో ఉన్న 84 రోజుల 799 ప్యాకు వేయించాం. 28 రోజులదానితో పోలిస్తే ఏడాదికి 415 తక్కువ. భర్త కూడా అదే చేశాడు. ఏడాది ప్యాకు ఇంకా నయం కాదా అని ఆవిడ అడిగింది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఆర్డర్లు పలచబడతాయి. ఆ నెలలో ఒకేసారి 3,600 తీయడం కన్నా, ఆ డబ్బు పూసలు, జరీ కొనడానికి చేతిలో ఉండటం మేలని చెప్పాను. కూతురి 349 జోలికి నేను వెళ్ళలేదు. చదువుకునే పిల్ల ఫోను వాళ్ళింటి విషయం.

పన్ను సంగతి

ఫోను బిల్లులు పెడితే టాక్స్ తగ్గుతుందని ఆవిడ అనుకుంది. ఆవిడ విషయంలో తగ్గదు. రిటర్ను ఆదాయపు పన్ను చట్టం 44ఎడి సెక్షన్ కింద, అంటే అమ్మకాల మీద అంచనా లాభం చూపే పద్ధతిలో వేశాం: నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినవాటి మీద 6 శాతం కనీస లాభంగా లెక్క. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఆ పద్ధతిలో ఖర్చులన్నీ అందులోనే పోయినట్టు, ఫోను బిల్లు విడిగా తీసివేయడానికి లేదు. పూర్తి పుస్తకాలు రాసి లాభం చూపేవాళ్ళు మాత్రం వ్యాపారానికి వాడిన వాటా మేరకు ఖర్చు చూపుకోవచ్చు. వాళ్ళకి ఆ 'బ', 'ఇ' నోటు పుస్తకం ఆధారం అవుతుంది.

జీఎస్టీ కూడా అంతే. కస్టమరు తెచ్చిన గుడ్డ మీద పని చేసి ఇవ్వడం సేవ. ఆవిడ ఏడాది రాబడి 20 లక్షల లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ లేదు. రీచార్జ్‌లో, ఫైబర్ బిల్లులో ఉన్న 18 శాతం తిరిగి రాదు, అది ఖర్చే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు మాత్రం పోస్ట్‌పెయిడ్, ఫైబర్ బిల్లుల మీద తమ జీఎస్టీ నంబరు వేయించుకోవాలి. లేకపోతే ఆ బిల్లు 2బి స్టేట్‌మెంట్‌లో (జీఎస్టీ పోర్టల్‌లో మన కొనుగోలు బిల్లులు కనిపించే జాబితాలో) కనపడదు, క్రెడిట్ రాదు, అంటే కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకోలేం. కాంపోజిషన్‌లో (రాబడి మీద చిన్న శాతం జీఎస్టీ కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్ళకి ఎలాగూ క్రెడిట్ లేదు.

మార్చిలో వేసిన లెక్క

2025 మార్చిలో ఏడాదికి మళ్ళీ లెక్క కట్టాం. 31,449 ఉన్నది 24,582కి వచ్చింది. తగ్గింది 6,867. అందులో 4,640 బూస్టర్లు తగ్గడం వల్ల వచ్చిందే. ఇప్పుడు నెలకి ఒకటో రెండో వేస్తోంది, బయటికి వెళ్ళినప్పుడు. రెండో నంబరు మీద 588, ఏడాదికి ఒకేసారి కట్టడం వల్ల స్టోరేజీ మీద 260. మిగతా 1,379 ఇంటివాళ్ళ ప్యాకుల్లో తగ్గింది. ప్లాన్లు మార్చి మేము సంపాదించినదంతా కలిపినా, ఆ 2,050 రూపాయల కేబుల్, రౌటర్ తెచ్చినదాంట్లో సగం కూడా లేదు.

వ్యాపారం వాటా 15,738 నుంచి 7,529కి దిగింది, బ్లౌజుకి 14 రూపాయలు. ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ తగ్గుదలలో 2,721 నిజంగా మిగిలిన డబ్బు కాదు. సొంత నంబరుని ఇంటి లెక్కలోకి మార్చడం వల్ల కనపడే తేడా. నిజంగా తగ్గింది 5,488. ఆవిడకి ఈ రెండు అంకెలూ విడివిడిగా చూపించాను. పుస్తకంలో ఒక గడి నుంచి ఇంకో గడిలోకి జరిపినదాన్ని పొదుపు అని చెబితే, వచ్చే ఏడాది ధరలు వేసేటప్పుడు ఆవిడే దెబ్బతింటుంది.

ఫైబర్ సగం సగం అన్నది ఇంకా నాకు తృప్తిగా లేదు. పై రౌటర్‌లో వాడకం విడిగా చూపించే సెట్టింగ్ ఉంది, ఏప్రిల్ నుంచి నెలనెలా ఆ అంకె రాసి పెట్టమన్నాను. వెళ్ళబోతూ ఆవిడ, మేడ మీద ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటు కూడా ఇలాగే విడిగా తెలుస్తుందా అని అడిగింది. సబ్ మీటర్ పెట్టిస్తే తెలుస్తుందన్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చే ఆదివారం వస్తున్నాడు.